సిద్ధపాటు శనివారం

మా చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం, బల్ల ఇస్తారు. అంటే ప్రభువు బల్ల. అప్పం ముక్క, గుటకెడు ద్రాక్షరసం. దానికి ముందురోజు సాయంత్రం ఐదింటికి సిద్ధపాటు కూటం ఉంటుంది. బల్లకు వెళ్ళదలచినవాళ్ళు ఆ కూటానికి వచ్చి అయ్యగారికి, అంటే పాస్టరుగారికి, పేరు చెప్పాలి. నోటుపుస్తకంలో పేరు రాసుకునే ముందు ఆయన ప్రతి ఒక్కరినీ అడుగుతారు. "నీకెవరిమీదైనా ఏదైనా ఉందా? నీమీద ఎవరికైనా ఏదైనా ఉందా?" ఉంటే అక్కడే అందరి ముందూ సరిచేసుకోవాలి. కుదరకపోతే పేరు రాయరు. మర్నాడు ఆరాధనకు రావచ్చు, పాటలు పాడవచ్చు, ప్రసంగం వినవచ్చు. బల్లకు మాత్రం వెళ్ళకూడదు.

మిగతా చర్చిల్లో ఇలా ఉందో లేదో నాకు తెలియదు. ఎల్బీనగర్‌లో రేకుల కప్పు కింద గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు పెట్టుకున్న మా లూథరన్ సంఘంలో ఉంది. వాళ్ళ ఊళ్ళలో తాతలనాటి పద్ధతట. అరవై కుటుంబాల్లో యాభై వాళ్ళవే. మాలాంటి నల్లగొండ వాళ్ళు చివరి చాపల మీద కూర్చునేవాళ్ళం. ఎవరూ అక్కడే కూర్చోమని చెప్పలేదు.

మా అమ్మ అండాలమ్మకు ఆ బల్ల అంటే ప్రాణం. ఎందుకో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న అంతయ్య ఒక చలికాలం తాగి వచ్చి తలుపు కొడితే అమ్మ తియ్యలేదు. పొద్దున చూస్తే అరుగు మీద బిగుసుకుపోయి ఉన్నాడు. ఊళ్ళో ఎవరూ అమ్మను తప్పు పట్టలేదు. పీడ వదిలిందన్నారు. ఆ మాటే అమ్మకు మింగుడుపడలేదు. నా పదో తరగతి అయ్యాక అన్న మహేష్‌నూ నన్నూ తీసుకుని పట్నం వచ్చేసింది. కొత్తపేటలో ఒక గది కిరాయికి తీసుకుని నాలుగిళ్ళలో పనికి కుదిరింది. అందులో ఒకటి శేషారత్నం టీచరమ్మ ఇల్లు.

టీచరమ్మ రేపల్లె దగ్గర మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, రిటైరై కొడుకు రామమోహనరావు దగ్గరికి వచ్చింది. అమ్మను మొదటిసారి చర్చికి తీసుకెళ్ళింది ఆవిడే. చదువురాని అమ్మకు బాప్తిస్మానికి కావలసిన ప్రశ్నలూ జవాబులూ ఒక ఏడాది పాటు నోటితో చెప్పి నేర్పింది. గిన్నెలు తోముతూ అమ్మ అప్పచెప్పేది. అన్న ఇంటర్ ఫీజు కూడా ఆవిడే కట్టింది.

అమ్మకు ఆరాధనలో అన్నిటికంటే ఇష్టమైనది పాపపు ఒప్పుకోలు. అందరూ కలిసి గొంతెత్తి మేము తప్పు చేశామని చెప్పుకుంటారు. అప్పటిదాకా బలిపీఠం వైపు తిరిగి ఉన్న అయ్యగారు మా వైపు తిరిగి, క్షమాపణ పలుకుతారు. ఆ క్షణాన అందరి తలలూ వంగి ఉంటాయి. అమ్మ ఒక్కతే తలెత్తి ఆయన నోటివంక చూసేది, ఒక్క మాట కూడా జారిపోకూడదన్నట్టు.

"ఊర్ల తప్పయితే పెద్దమనుషులు దండుగ కట్టిచ్చుకుంటరు బిడ్డా," అనేది ఇంటికొచ్చాక. "ఈడ ఒట్టిగనే మాఫ్ చేస్తరు. వారంవారం."

టీచరమ్మ ఇంట్లో అమ్మకు వేరే గ్లాసు ఉండేది, వంటింటి కిటికీలో బోర్లించి. బల్ల దగ్గర మాత్రం టీచరమ్మ తాగిన గిన్నెనే అయ్యగారు అంచు తుడిచి అమ్మ పెదవులకు అందించేవారు. ఇందులో అమ్మకు వింత ఏమీ కనబడలేదు. నాకు కనబడేది. నేను పైకి అనేదాన్ని కాదు.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు మూతపడ్డాయి. నేను పని చేసే పోటీ పరీక్షల పుస్తకాల షాపు ఎదురుగానే రామమోహనరావుగారి జిరాక్సు షాపు. రోజూ ఊరేగింపులు పోయేవి. మా యజమాని శ్రీరామమూర్తిగారు చప్పుడు వినబడగానే షట్టరు సగానికి దించేవారు.

అన్న కొత్తపేటలో బైకుల షెడ్డులో పని చేస్తూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పొద్దున్నే సరూర్‌నగర్ స్టేడియంలో పరుగు, రాత్రి నేను తెచ్చిచ్చిన పాత పుస్తకాలతో చదువు. సాయంత్రాలు ఊరేగింపులు. "మన రాష్ట్రమొస్తే మన పోలీసులల్ల నేనుంట," అనేవాడు.

ఆ రోజు సగం దించిన షట్టరు కిందనుంచి వంగి చూస్తున్నాను. బ్యానరుకు రెండు వైపులా రెండు కర్రలు. ఎడమ కర్ర అన్న చేతుల్లో ఉంది. రెండు చేతులా పట్టుకున్నాడు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న ఎవడో, నేనెప్పుడూ చూడనివాడు, బైకు వెనక సీటు మీద నిలబడి రాయి విసిరాడు. జిరాక్సు షాపు అద్దం మొత్తం కిందికి జారిపోయింది. లోపల కుర్చీలో టీచరమ్మ ఉంది. కనుబొమ్మ మీద తెగి, నెత్తురు కంట్లోకి దిగుతుంటే చీరకొంగుతో ఒత్తుకుంటూ బయటికి చూసింది.

అప్పుడు అన్న నవ్వాడు. ఆవిడను చూసి కాదు, ఆవిడ లోపలుందని వాడికి తెలియను కూడా తెలియదేమో. అద్దం పగిలితే చుట్టూ ఉన్న కుర్రాళ్ళంతా నవ్వారు, వాడూ నవ్వాడు. పళ్ళన్నీ కనబడేలా. ఊరేగింపు ముందుకు సాగింది.

శ్రీరామమూర్తిగారు షట్టరు పూర్తిగా దించేశారు. "మనమేం చూళ్ళేదు సంధ్యా. తెలిసిందా? రేపు పోలీసులొచ్చి అడిగినా ఇదే మాట. అటు చెప్తే వీళ్ళు కొడతారు, ఇటు చెప్తే వాళ్ళు కొడతారు. మనకెందుకమ్మా." సరేనన్నాను. నెలకు మూడున్నర వేలిచ్చే షాపు అది.

ఇంటికి వెళ్ళి అమ్మకు మాత్రం చూసింది చూసినట్టు చెప్పాను. నవ్విన సంగతి తప్ప.

అక్టోబరు మొదటి శనివారం అమ్మ ఎప్పటిలాగే మధ్యాహ్నమే వెళ్ళి చర్చి ఊడ్చి, చాపలు పరిచింది. అది కూడా ఆవిడ పనే, జీతం లేని పని. అయ్యగారు అమ్మ దగ్గరికి వచ్చి ప్రశ్న అడిగేసరికి కుర్చీలోంచి టీచరమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పులు, ఆవిడకు ఎప్పుడూ కుర్చీ వేస్తారు. కనుబొమ్మ మీద ఇంకా పట్టీ ఉంది.

"నాకుందండీ అయ్యగారూ, ఆవిడ మీద," అంది. "నా చేతి అన్నం తిన్న పిల్లాడు. నేను ఫీజు కట్టిన పిల్లాడు. వాడు నాకు చేసినదానికి ఈవిడ ఇప్పటిదాకా ఒక్క మాటనలేదు. ఇంటికొచ్చి అంట్లు తోముకుని పోతోంది."

అయ్యగారు ఆగి చూశారు. నేను చాప అంచు చూస్తున్నాను. ఆయన అమ్మ పేరు రాయలేదు.

మర్నాడు అందరూ బలిపీఠం ముందుకు వెళ్ళి మోకరిస్తుంటే అమ్మ ఖాళీ చాప మీద కూర్చుని ఉంది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా బల్ల తప్పని మనిషి. తిరిగి వస్తున్నవాళ్ళకు దారివ్వడానికి కాళ్ళు ముడుచుకుంది. నవంబరు వచ్చేదాకా ఇంట్లో ఆవిడ సరిగా అన్నం తినలేదు.

"ఒక్క మాట అనరాదురా అయ్యా," అని అన్నను బతిమాలేది. "తప్పయిందని ఒక్క మాట. టీచరమ్మ మెత్తనిది, మాఫ్ చేస్తది."

"నేను ఎయ్యని రాయికి నేనెందుకనాలె?" అనేవాడు వాడు. "గా బిస్కెట్ ముక్క కోసం నన్ను దొంగను చేస్తవా?"

"బిస్కెట్ అనకు!"

"మరేందది? ఊర్ల దోసిట్ల నీళ్ళు పోసేటోళ్ళు, ఈడ నోట్ల పోస్తున్నరు. గంతేగదనే."

అమ్మ చెంప మీద కొట్టింది. వాడు అన్నం వదిలేసి స్టేడియం వైపు వెళ్ళిపోయాడు. అమ్మ నావైపు తిరిగింది. "మీ నాయిన్ను నేను సంపిన్నే," అంది నెమ్మదిగా. "గది నాకు నెల తిరిగేసరికి పానం మీదికొస్తది. గాడికి పోయి మోకాళ్ళేస్తే జర దిగుతది. నువ్వన్న చెప్పు వానికి."

నేను చెప్పలేదు. టీచరమ్మ దగ్గరికి వెళ్ళి నేను చూసింది కూడా చెప్పలేదు. ఆవిడ కొడుకు షాపుకు మా షాపు ఎదురు. సాయంత్రాలు ఆయనా శ్రీరామమూర్తిగారూ కలిసి టీ తాగుతారు.

నవంబరు మొదటి శనివారం అయ్యగారు ప్రశ్న అడగకముందే అమ్మ లేచి నిలబడింది. నడిచి వెళ్ళి టీచరమ్మ కుర్చీ ముందు మోకరించి చేతులు జోడించింది.

"నా కొడుకే ఏసిండు టీచరమ్మా. నాతోని ఒప్పుకున్నడు. ఉడుకు నెత్తురు, తెల్వక ఏసిండు. నన్ను జూసి మాఫ్ చెయ్యి."

అమ్మ అంత గట్టిగా, అంత స్పష్టంగా చర్చిలో ఎప్పుడూ మాట్లాడలేదు. దారంతా మనసులో పాఠం అప్పచెప్పుకుంటూ వచ్చి ఉంటుంది. టీచరమ్మ ఏడ్చింది. అమ్మను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "లేవే అండాలూ, లే. దేవుడు నన్నూ క్షమించాలి," అంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు పేరు రాసుకుని, చాలా సంతోషంగా ఒక కీర్తన ఎత్తుకున్నారు. వెనక తలుపు దగ్గర మర్నాటి కోసం మైకు వైర్లు సరిచేస్తున్న రామమోహనరావుగారు చేతిలో పని ఆపి నిలబడి ఉన్నారు.

చర్చిలో అన్నమాట చర్చిలోనే ఉంటుందని అమ్మ అనుకుంది. ఆవిడకు ఎవరూ అలా చెప్పలేదు. క్షమాపణ పలికాక ఇక ఆ తప్పు లేనట్టేనని ఆరేళ్ళుగా వారంవారం విని, నమ్మింది. ఆదివారం బల్ల తీసుకుని వచ్చి ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

గురువారం షెడ్డుకు ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి అన్నను తీసుకెళ్ళారు. అద్దం పగిలిన రోజునే రామమోహనరావుగారు కంప్లయింటు ఇచ్చారట, ఎవరో తెలియదని రాసి. ఇప్పుడు పేరు చేర్చారు. కన్నతల్లే పాస్టరు ముందు, నలభై మంది ముందు ఒప్పుకుందని, సాక్షులున్నారని రాశారు.

అయ్యగారు రామమోహనరావుగారి ఇంటికి వెళ్ళి కేసు వెనక్కి తీసుకోమని అడిగారు. మా ఇంటికి వచ్చి ఆ జవాబు చెప్పేటప్పుడు అయ్యగారు గడప దాటి లోపలికి రాలేదు. "చర్చిలో క్షమించాం అయ్యగారూ, కేసు వేరు అన్నాడమ్మా," అన్నారు.

తొమ్మిది రోజులకు బెయిలు వచ్చింది. అన్న ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచి, నేను తెచ్చిచ్చిన పుస్తకాలన్నీ తీసి నా ముందు పెట్టాడు. కేసు ఉన్నవాడికి కానిస్టేబుల్ ఉద్యోగం ఇవ్వరు.

"షాపుల వాపసిచ్చెయ్యి," అన్నాడు నాతో. అమ్మవైపు చూడకుండానే అమ్మతో అన్నాడు. "ఆళ్ళు కాదు నామీద కేసేసింది. నువ్వే ఏసినవ్." బట్టలు సంచీలో కుక్కుకుని మీర్‌పేట్‌లో ఉండే స్నేహితుడు మధు గదికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అమ్మ చర్చి మానలేదు. టీచరమ్మ ఇంట్లో పని కూడా మానలేదు. "మావాడు నాతో చెప్పకుండా చేశాడే," అని ఆవిడ అన్నదట, అమ్మ నమ్మింది. డిసెంబరులో, జనవరిలో, ఫిబ్రవరిలో పేరు రాయించుకుంది. నేనూ ఆవిడ పక్కనే నిలబడి నా పేరు రాయించుకున్నాను. అయ్యగారు అడిగిన ప్రతిసారీ ఎవరి మీదా ఏమీ లేదని చెప్పాను. ఒప్పుకోలు చెప్పాను. ఆయన మా వైపు తిరిగి క్షమాపణ పలికితే, నిజం చెప్పాలంటే, ప్రతి ఆదివారం నా భుజాల మీద నుంచి ఏదో దిగేది. సోమవారం షట్టరు ఎత్తి ఎదురుగా కొత్త అద్దం చూసేసరికి మళ్ళీ వచ్చి కూర్చునేది.

మార్చి నాటికి శ్రమకాలం, ఈస్టరుకు ముందు రోజులు. ఆ నలభై రోజులూ మా చర్చిలో హల్లెలూయ పాడరు, బలిపీఠానికి ఊదారంగు గుడ్డ కప్పుతారు. మొదటి శనివారం కూటానికి పాతికమంది వచ్చారు. అయ్యగారు నా దగ్గరికి వచ్చి పెన్ను నోటుపుస్తకం మీద పెట్టి, అలవాటుగా అడిగారు.

"నాకున్నది అయ్యగారూ," అన్నాను.

ఆయన తలెత్తారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కర్రలతో మొదలుపెట్టాను. బ్యానరు కర్ర అన్న రెండు చేతుల్లో ఉందని, రాయి వేసినవాడిది ఆకుపచ్చ చొక్కా అని, వాణ్ణి నేను షట్టరు కిందనుంచి చూశానని చెప్పాను. "మా అమ్మ బల్ల కోసం అబద్ధమాడింది. టీచరమ్మ ఇంటోళ్ళు దాన్ని తీస్కపోయి పోలీసులకిచ్చిండ్రు. నాకు టీచరమ్మ మీద ఉన్నది," అన్నాను.

టీచరమ్మ లేవలేదు.

"ఎప్పుడు చూశావమ్మా నువ్వు?" అంది.

"గా రోజే."

"ఐదు నెలలైంది. నీ షాపునుంచి మా షాపు పది అంగలు. ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు ఉంది. మూడున్నర వేల రూపాయల జవాబు.

"రాయి ఎవరు వేశారో నాకు తెలీదు," అంది టీచరమ్మ. ఆవిడ గొంతు బడిలో పాఠం చెప్పే గొంతులాగే ఉంది. "నేను చూడలేదు. చూశానని ఎవరితోనూ అనలేదు. వాడు నవ్వడం చూశాను. నా కంట్లో నెత్తురు, ఎదురుగా వాడి నవ్వు. దానికి మీ అమ్మ తప్పు చెప్పలేదే! రాయికి చెప్పింది. నేను దాంతోనే సరిపెట్టుకున్నాను."

అమ్మ నావైపు తిరిగింది. "నవ్విండా?"

తల ఊపాను. అమ్మ నా చెయ్యి వదిలేసింది.

టీచరమ్మ అయ్యగారితో అంది. "నా పేరు కొట్టేయండి. ఈ పిల్ల చెప్పింది నిజమని నాకు తెలుస్తోంది. మావాడు కేసు తీసుకోడు, వాడి సంగతి నాకు తెలుసు. వాణ్ణి అడిగే ధైర్యం నాకు లేదు. వాడి ఇంట్లో ఉంటున్నాను."

అయ్యగారు ఆ పేరు కొట్టెయ్యలేదు, ఉంచలేదు. పెన్ను పట్టుకుని నిలబడ్డారు. "అండాలమ్మా, నీ పేరు రాస్తున్నాను," అన్నారు చివరికి.

"వద్దయ్యగారూ."

"బల్ల పాపుల కోసమేనమ్మా. మంచివాళ్ళ కోసం కాదు."

"ఎరికే. మీరే నేర్పిండ్రు. అబద్ధమాడి నాలుగు నెలలు తిన్న. నా కొడుకు నా నోటివల్లనే పోయిండు. జర ఆగుత."

ఇంటికెళ్ళే దారిలో, కొత్తపేట రైతు బజారు దాటాక, అమ్మ నిలబడి నన్ను చూసింది.

"వాడు ఎయ్యలేదని నాకు తెల్వదానే? నువ్వే గద చెప్పినవ్. తెలిసే మోసిన గది. వాడు పాయె. గా బల్లొక్కటి ఉండె నాకు. నువ్వది గుడ తీసినవ్." మళ్ళీ నడవడం మొదలుపెట్టి అంది. "ముందే చెప్పేదుండె బిడ్డా. నేను అబద్ధమాడకముందు. గప్పుడు నీ నోరేమాయె?"

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మ తలస్నానం చేసి తెల్లచీర కట్టుకుని ఉంది.

"పోతున్నవా?" అన్నాను.

"పోకుంటే?" అంది. "కూసోని ఇనొస్త. ఇనుడుకు పేరు రాయించే పనిలేదు గద."

ఇద్దరం వెళ్ళాం. ఒప్పుకోలు వచ్చింది. అందరితో కలిసి చెప్పాం. అయ్యగారు మా వైపు తిరిగి క్షమాపణ పలికారు. అమ్మ ఈసారి తలెత్తలేదు. నేను ఎత్తాను. ఆయన కళ్ళు మా చాప మీదే ఉన్నాయి, ఆ మాటలు ఎప్పటికంటే నెమ్మదిగా చెప్పారు. నా భుజాల మీద బరువు దిగలేదు. అయినా ఆయన ఆపకుండా ఇంకాస్తసేపు చెబితే బాగుండుననిపించింది.

బల్ల మొదలయ్యాక ఒక్కొక్క వరుసే లేచి వెళ్ళింది. ఆడవాళ్ళ వైపు చాపలన్నీ ఖాళీ అయ్యాయి. అమ్మా నేనూ మిగిలాం. మా వెనక కుర్చీలో టీచరమ్మ. ముందు రామమోహనరావుగారు బలిపీఠం దగ్గర మోకరించి నోరు తెరిచారు. ఆయన ముందురోజు మాకంటే ముందే పేరు రాయించుకుని వెళ్ళిపోయారు. ఆయన మీద తనకేదో ఉందని ఎవరూ లేచి చెప్పలేదు. నేను చెప్పింది టీచరమ్మ పేరే. ఇంటికెళ్ళే దారిలో కూడా నాకది తట్టలేదు. అక్కడ కూర్చున్నాక తట్టింది.

వెనకనుంచి టీచరమ్మ కుర్చీ ముందుకు జరిపిన చప్పుడైంది.

"కేసు వాయిదా ఎప్పుడమ్మా?" అంది చాలా చిన్నగా.

"మంగళవారం," అన్నాను వెనక్కి తిరగకుండా.

"ఎల్బీనగర్ కోర్టేనా?"

"ఊఁ."

"లోపల ఎక్కడికి రావాలి? ఎన్నో అంతస్తు?"

ఆవిడ వచ్చి ఏం చెబుతుందో, అసలు వస్తుందో రాదో, వస్తే కొడుకు ముందు నోరు పెగులుతుందో లేదో నాకు తెలియదు. అంతస్తు తెలిసినా నాకు చెప్పబుద్ధి కాలేదు. ముందు పాట సాగుతోంది. పాడుతున్నట్టు పెదవులు కదిపాను.

అమ్మ పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది. "రెండో అంతస్తు టీచరమ్మా. మెట్లెక్కినంక కుడిచేతి దిక్కు," అంది. "పదిన్నరకు పిలుస్తరు. మెట్లు శాన ఉన్నయ్. నేను కింద నిలబడుత, నా చెయ్యి పట్టుకోని ఎక్కు."